చెఱసాలలోని హర్షము: పెర్పెతువా స్వీయలేఖన పరిశీలనము

కారాగారమున జనించిన వాఙ్మయమనగా తెలుగువారికి వెంటనే జ్ఞప్తికి వచ్చునవి రామదాసు కీర్తనలు. గోలకొండ చెఱలో మ్రగ్గినట్లు ప్రసిద్ధిగాంచిన కంచర్ల గోపన్న తన దైవమును బ్రతిమాలెను, నిష్ఠురమాడెను, ఎత్తిపొడిచెను, మరల శరణు వేడెను. ఆ కీర్తనలు వినువారికి ఆ బాధ కల్పితమని యెన్నడును తోచదు. ఇట్టి సంప్రదాయమున పెరిగిన పాఠకుడు తొలినాటి క్రైస్తవ హతసాక్షుల చరిత్రలను చదువునపుడు అతనికొక సంశయము కలుగుట సహజము. క్రూరమృగముల నోటబడబోవుచు వారు సంతోషించిరని ఆ చరిత్రలు చెప్పుచున్నవి. ఆ సంతోషము నిజమా, లేక కథ చెప్పినవారు తరువాత పూసిన మెఱుగా? నిజమే యైనచో దాని స్వరూపమెట్టిది? బాధ నెఱుగని జడత్వమా, బాధను దాటిన వైరాగ్యమా, వేఱొకటియా?

ఈ ప్రశ్నకు సిద్ధాంతచర్చ వలన సమాధానము లభింపదు. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖను సంకెళ్లలో నుండియే వ్రాసెను. ఆ చిన్న లేఖయందు సంతోషవాచకములు పదేపదే వచ్చుచున్నవి. క్రైస్తవ బోధకులు దానినే తరచుగా ఉదాహరింతురు. కాని అనుభవశాలియగు బోధకుడు ఇతరులను సంతోషింపుడని హెచ్చరించుట వేఱు. ఇరువదిరెండేండ్ల పసిబిడ్డతల్లి చీకటికొట్టున కూర్చుండి తనకేమి జరుగుచున్నదో తానే వ్రాసికొనుట వేఱు. అట్టి లేఖన మొకటి మనకు దక్కినది. అది క్రీ.శ. 203వ సంవత్సరమున, ఉత్తరాఫ్రికా యందలి కార్తేజు నగరమున, విబియా పెర్పెతువా అను యువతి వ్రాసినది. ఆ లేఖనమును దగ్గఱగా చదివి, అందలి హర్షము ఏయే తావుల, ఏయే కారణములచేత పుట్టినదో చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

గ్రంథము

'పెర్పెతువా ఫెలిసితాల హతసాక్ష్యము' అని వ్యవహరింపబడు ఈ లాటిను గ్రంథము 21 చిన్న అధ్యాయములు గలది. మొదటి రెండును సంపాదకుని పీఠిక. 3 మొదలు 10 వఱకు పెర్పెతువా రచన. 11 మొదలు 13 వఱకు ఆమె సహచరుడును గురువునైన సాతురుసు తాను గాంచిన దర్శనమును చెప్పిన భాగము. తక్కిన అధ్యాయములలో సంపాదకుడు వారి అంత్యదినములను, మరణమును వర్ణించెను. పెర్పెతువా తన స్వహస్తముతో వ్రాసి విడిచినదానిని ఉన్నదున్నట్లు ఇచ్చుచున్నానని ఆ సంపాదకుడు చెప్పికొనెను. కార్తేజువాడే యైన టెర్టులియనే ఈ సంపాదకుడని పూర్వము కొందఱు తలచిరి గాని నేడా మతమునకు బలము లేదు.

గ్రంథము వెలుగులోనికి వచ్చిన కథయు తెలిసికొనదగినదే. ఇటలీ దేశమున మోంటే కస్సీనో మఠమునందలి వ్రాతప్రతిని 17వ శతాబ్దమున లూకాసు హోల్స్టేనియసు కనుగొనగా, అతని మరణానంతరము 1663లో అది అచ్చుపడెను. 1889లో రెండెల్ హారిస్ అను పండితుడు జెరూసలేములో గ్రీకు పాఠమును కనుగొనెను. ఏది మూలము, ఏది అనువాదము అను వివాదము పుట్టెను. 1891లో ఆర్మిటేజ్ రాబిన్సన్ రెండు పాఠములను పరిష్కరించి ప్రకటించి, లాటినే మూలమని వాదించెను. పండితలోకము సామాన్యముగా ఆ నిర్ణయమునే అంగీకరించినది.

రచనాశైలి మిక్కిలి నిరాడంబరమైనది. పెర్పెతువా చదువుకొన్న యింటి ఆడుబిడ్డ యని సంపాదకుడు చెప్పెను. ఆమె గ్రీకున సంభాషించినట్లు సాతురుసు దర్శనమున నున్నది. ఐనను ఆమె వాక్యములందు అలంకారములు లేవు. 'మఱియు', 'అప్పుడు' అను కలుపుమాటలతో చిన్న వాక్యములు ఒకదాని వెంట నొకటి నడచును. జర్మను విమర్శకుడు ఎరిక్ ఔఎర్‌బాఖ్ 1958లో వెలువరించిన గ్రంథమున ఈ నిరాడంబరతను ప్రత్యేకించి చర్చించెను. మన విషయమునకు దీని ప్రాముఖ్యమేమనగా, ఇట్టి శైలిలో సంతోషమను మాట వచ్చినపుడు అది అలంకారార్థము వచ్చినదని త్రోసివేయుట కష్టము.

కాలము

నాటి రోమక చక్రవర్తి సెప్టిమియసు సెవెరసు. అతడు స్వయముగా ఆఫ్రికాఖండమున లెప్టిసు మాగ్నా నగరమున జన్మించినవాడు. క్రైస్తవ మతమున క్రొత్తగా చేరుటను అతడు నిషేధించెనని తరువాతి చక్రవర్తి చరిత్ర యొకటి చెప్పుచున్నది గాని, అట్టి సార్వత్రిక శాసన ముండెనా యని ఆధునిక చరిత్రకారులు సందేహించుచున్నారు. శాసనము లేకున్నను చిక్కు లేదు. దాదాపు 112వ సంవత్సరమున ప్లినీ అను రాష్ట్రపాలకుడు ట్రాజను చక్రవర్తికి వ్రాసిన జాబు వలన విచారణాపద్ధతి మనకు తెలియుచున్నది. క్రైస్తవుడవా యని అడుగుట, అవునన్నచో శిక్షించుట, కాదని దేవతలకు ధూపమును మద్యమును అర్పించినచో విడిచిపుచ్చుట. అనగా బందీయొక్క విడుదల అతని చేతిలోనే యున్నది. ఈ సంగతిని మఱచినచో పెర్పెతువా కథ అర్థము కాదు. ఆమెను బంధించిన తలుపునకు లోపలివైపునను గడియ కలదు. ఆ గడియను ఎవరెన్ని విధముల బ్రతిమాలినను ఆమె తీయకుండెను.

పట్టుబడినవారు రెవొకాతుసు, అతని తోడి దాసియగు ఫెలిసితా, సాతుర్నీనుసు, సెకుందులుసు, పెర్పెతువా. వీరందఱును ఇంకను బాప్తిస్మమునకు సిద్ధపడుచున్నవారు. పట్టుబడిన పిమ్మటనే బాప్తిస్మము పొందిరి. సాతురుసు ఆ సమయమున అచ్చట లేకుండెను. శిష్యులు చెఱపడిరని తెలిసి తనంతట తానే వచ్చి లొంగిపోయెను. గ్రీకున 'మార్తుస్' అనగా సాక్షి యని మాత్రమే అర్థము. తెలుగు క్రైస్తవులు దానికి 'హతసాక్షి' యను సమాసమును రూపొందించుకొనిరి. పెర్పెతువా లేఖనమున మనకు కానవచ్చునది ఇంకను హతురాలు గాని సాక్షి.

చీకటి, శిశువు

ఆమె చెఱసాలయందలి మొదటి దినమును హర్షముతో ప్రారంభింపలేదు. అంతటి చీకటి తానెన్నడును ఎఱుగననియు, భయపడితిననియు ఆమె స్పష్టముగా వ్రాసెను. క్రిక్కిఱిసిన మనుష్యుల వలన ఉక్క. సైనికులు డబ్బు గుంజుకొనుట. వీటన్నింటికి మించి తన బిడ్డను గూర్చిన బెంగ. అప్పుడు తెర్తియుసు, పొంపోనియుసు అను ఇద్దఱు సంఘపరిచారకులు కావలివారికి లంచమిచ్చి, బందీలను కొన్ని గడియలు చెఱసాలలో మేలైన భాగమునకు మార్పించిరి. అచ్చట ఆమె, పాలు లేక సొమ్మసిల్లియున్న శిశువునకు పాలిచ్చెను. తల్లితో మాటలాడెను, సోదరుని ఓదార్చెను, బిడ్డను వారి కప్పగించెను. తన నిమిత్తము వారు కృశించుట చూచి తానును కృశించెను. అనేక దినము లీ బాధ యనుభవించిన తరువాత, బిడ్డ తనతోకూడ చెఱలోనే యుండునట్లు అనుమతి పొందెను. వెంటనే తనకు బలము చేకూరెననియు, చెఱసాల హఠాత్తుగా తనకు రాజభవనమైనదనియు, మఱెచ్చటను ఉండుటకంటె అచ్చట ఉండుటకే ఇష్టపడితిననియు ఆమె చెప్పినది.

ఈ గ్రంథమున మనకు కనబడు మొదటి ఆనంద మిదియే. దీనిని జాగ్రత్తగా గమనింపవలెను. ఇది దర్శనము వలన గాని, ఉపదేశము వలన గాని కలిగినది కాదు. ఆకలిగొన్న బిడ్డ కడుపునిండ పాలు త్రాగుట వలన కలిగినది. దానికి మూలము ఇద్దఱు పరిచారకులు చెల్లించిన లంచము. భక్తుల మహిమను పెంచదలచిన కల్పనాకారుడు ఇట్టి సంగతిని వ్రాయుట సంభావ్యము కాదు. కారాగారము భవనమగుట యను భావము ఉన్నతమైనదే గాని, దానిని మోసిన పునాది తల్లిపాలు.

తీర్పు చెప్పబడిన తరువాత ఈ విషయమే మరల వచ్చును. బిడ్డను పంపుమని ఆమె పరిచారకుడైన పొంపోనియుసు ద్వారా తండ్రికి కబురంపగా అతడీయ నిరాకరించెను. కాని అటుపిమ్మట బిడ్డ పాలు కోరలేదు. ఆమెకు పాల సలుపును రాలేదు. బిడ్డను గూర్చిన బెంగయు రొమ్మునొప్పియు ఒకేసారి తనను బాధింపకుండునట్లు దేవుడు చేసెనని ఆమె ఎంచుకొనెను. ఎడబాటు తప్పలేదు, దాని నొప్పి యొకటి తగ్గినది. ఆ తగ్గుదలనే ఆమె కృపగా లెక్కించినది.

తండ్రి

పెర్పెతువా తండ్రి నాలుగు సారులు ఈ లేఖనమున ప్రవేశించును. క్రైస్తవుడు కాని ఆ వృద్ధుడు కూతురిని రక్షించుకొనుటకు తాను చేయగలిగినదంతయు చేసెను. మొదటిసారి వాదించెను. ఆమె అచ్చటనున్న ఒక కూజాను చూపి, దానిని వేఱు పేర పిలువవచ్చునా యని అడిగెను. పిలువరాదని అతడనగా, అట్లే తానును క్రైస్తవురాలను తప్ప మఱొకటి యని చెప్పికొనజాలనని పలికెను. ఆ పేరు వినగానే అతడు కన్నులు పెఱికివేయునో యన్నట్లు ఆమెపైకి దుమికెను. తరువాత కొన్ని దినము లతడు రాకుండుట తనకు ఊరట కలిగించెనని ఆమె దాచకుండ వ్రాసినది.

రెండవసారి అతడు కోపము విడిచి బ్రతిమాలెను. తన నెరసిన తలను, తల్లిని, సోదరులను, తల్లి లేక బ్రదుకజాలని శిశువును చూడుమనెను. ఆమె చేతులు ముద్దిడి, పాదములపై బడి, కూతురా యనుటకు మాఱుగా అమ్మగారూ యని పిలిచెను. కుటుంబాధిపతికి సర్వాధికారము గల రోమక సమాజమున తండ్రి కూతురి కాళ్లపై బడుట యెంతటి తలక్రిందు స్థితియో పాఠకు లూహింపగలరు. ఆ సందర్భమున పెర్పెతువా వ్రాసిన మాట గ్రంథమంతటికిని కీలకము. తన వంశమంతటిలో తన శ్రమను జూచి సంతోషింపనివాడు అతడొక్కడే యగుట తనకు దుఃఖకారణ మైనదని ఆమె వ్రాసినది.

మూడవసారి అతడు న్యాయసభకే బిడ్డ నెత్తుకొని వచ్చెను. మరణించిన రాష్ట్రపాలకుని స్థానమున అధికారము వహించిన హిలరియానుసు, తండ్రి నెరసిన తలను, శిశువు లేతదనమును చూచి చక్రవర్తుల క్షేమమునకై బలి యర్పింపుమని ఆమెతో చెప్పెను. ఆమె నిరాకరించెను. అడ్డుపడుచున్న తండ్రిని పడద్రోసి బెత్తముతో కొట్టించిరి. ఆ దెబ్బ తనకే తగిలినట్లు బాధపడితినని ఆమె వ్రాసెను. నాల్గవసారి అతడు గడ్డము పెఱికికొనుచు నేలబడి తన వార్ధక్యమును శపించికొనగా, ఆ దురదృష్టవార్ధక్యమునకై దుఃఖించితినని ఆ భాగమును ముగించినది.

ఇచ్చట రెండు సంగతులు స్పష్టమగుచున్నవి. పెర్పెతువా స్థితప్రజ్ఞురాలు కాదు. సుఖదుఃఖములను సమముగా జూచుట ఆమె ఆదర్శమైనట్లు లేఖనమున నెచ్చటను కానరాదు. స్తోయికు తత్త్వజ్ఞులు బోధించిన నిర్వికారతయు ఆమెకు లేదు. రెండవది, ఆమె హర్షము ఇతరుల దుఃఖమునకు ఆమెను చెవిటిదానిని చేయలేదు. తన నిర్ణయము వలన తండ్రి నశించుచున్నాడని ఆమె కెఱుక. ఆ ఎఱుకతోనే ఆమె నిర్ణయమును నిలుపుకొనెను, నిలుపుకొనుచునే దుఃఖించెను. తండ్రి పక్షమున న్యాయము లేదని ఆమె యెచ్చటను వాదింపలేదు.

ఒకే మాట, మూడు చేతులు

లాటినున 'హిలారిస్' అను విశేషణము కలదు. ప్రసన్నుడు, ఉల్లసితుడు, నవ్వుముఖము గలవాడు అని దాని అర్థచ్ఛాయలు. ఈ గ్రంథమున నది మూడు ముఖ్యసందర్భములందు వచ్చినది. మృగములకు వేయుడని తీర్పు వినిన వెంటనే తాము ఉల్లాసముతో చెఱసాలకు దిగితిమని పెర్పెతువా వ్రాసినది. ఇది ఆరవ అధ్యాయము. సాతురుసు దర్శనమున, పరలోకము చేరిన పెర్పెతువాను చూచి, కోరినది లభించినది గదా యని యతడనగా, శరీరముతో నున్నప్పుడును ఉల్లాసముగనే యుంటిననియు ఇప్పుడు మఱింత ఉల్లాసముగా నున్నాననియు ఆమె దేవునికి కృతజ్ఞతలు చెప్పును. ఇది పండ్రెండవది. క్రీడాదినమున చెఱనుండి రంగమునకు బయలుదేఱిన బందీలను వర్ణించుచు సంపాదకుడు అదే మాట వాడి, వారు వణకిరేని ఆ వణకు భయము వలనగాక సంతోషము వలన కలిగినదే యని చేర్చెను. ఇది పదునెనిమిదవది.

ముగ్గురు రచయితలు, ఒకే పదము. ఇది సంపాదకుడు తరువాత పొదిగిన పదమా? కావచ్చును. కాని వేఱొక వివరణము మఱింత సహజముగా తోచుచున్నది. సాతురుసు దర్శనమున పెర్పెతువా నోట వచ్చిన మాట ఆమె స్వభావమును గూర్చినది. ఆమె మొదటినుండియు నవ్వుముఖము గలదని తోడివా రెఱుగుదురు. ఈ హర్షము శిక్షతో పుట్టినది కాదు, శిక్షతో పోలేదు. తీర్పు చెప్పిన అధికారి పేరగు 'హిలరియానుసు' కూడ ఆ ధాతువునుండి పుట్టినదే యగుట విచిత్రము. ఉల్లాసమను అర్థము నామమాత్రముగా గలవాడు పీఠముపై కూర్చుండగా, దానిని స్వభావముగా గలది ఎదుట నిలిచినది. రచయిత్రి దీనిని గుర్తించినదో లేదో గ్రంథము చెప్పదు.

పెర్పెతువా కన్న నాలుగు దర్శనములందును ఇట్టి స్వాభావికోల్లాసమే గోచరించును. మొదటిదానియందు ఆమె ఇరుప్రక్కల ఆయుధములు తగిలించిన కంచునిచ్చెన నెక్కి, పాలు పిదుకుచున్న వృద్ధుడగు గొల్లవాని చేతినుండి జున్ను ముక్క నందుకొని, మేలుకొన్న తరువాతను ఏదో తీయనిదానిని నములుచునే యుండెను. ఏడేండ్ల వయస్సున ముఖవ్రణముతో మరణించిన తమ్ముడు దినొక్రాతీసు మొదట దప్పిగొని తొట్టి యంచు నందుకొనలేక కనబడెను. ఆమె ప్రార్థించిన పిమ్మట గాయము మానినవాడై, తనివిదీర త్రాగి, పిల్లలవలె నీటితో ఆడుకొన బోయెను. కడపటి దర్శనమున ఆమె మల్లయోధయై శత్రువు తలను త్రొక్కెను. స్వర్గమన్న ఆమెకు జున్ను, నీరు, ఆటలు. ఈ దర్శనములతో ఆమె వ్రాత ముగిసినది. క్రీడాదినమున జరుగబోవునది ఇష్టమున్నవారు వ్రాయుదురు గాక యని చెప్పి ఆమె కలము విడిచెను.

ఫెలిసితా

ఫెలిసితా స్వయముగా ఏమియు వ్రాయలేదు. దాసియైన ఆమె కథను సంపాదకుడు చెప్పెను. చెఱపడునాటికి ఆమె గర్భవతి. క్రీడాదినము సమీపించుసరికి ఎనిమిదవ మాసము. గర్భిణిని వధించుట చట్టవిరుద్ధము. తోడివారు పోయిన తరువాత, అపరిచితులగు నేరస్థులతో తాను చావవలసివచ్చునని ఆమె విచారపడెను. అందఱు కలిసి ప్రార్థింపగా, వెంటనే నొప్పులు వచ్చి కష్టముతో ఆడుబిడ్డను కనెను. ఆమె మూల్గులు విని కావలివాడొకడు, ఇప్పుడే ఇట్లు బాధపడుదానవు మృగముల యెదుట ఏమి చేయుదువని ఎగతాళి చేసెను. ఇప్పటి బాధ తానొక్కతెయే పడుచున్నదనియు, అప్పుడు తనయందుండి మఱియొకరు తనకై బాధపడుననియు ఆమె ప్రత్యుత్తరమిచ్చెను. ఆ బిడ్డను సంఘమునకు చెందిన ఒక సోదరి తన కూతురుగా పెంచెను.

ఈ సంభాషణమును పలువురు విశ్వాసవిజయముగా మాత్రమే వ్యాఖ్యానించిరి. నాకు మఱొకటి ముఖ్యముగా తోచుచున్నది. ఫెలిసితా తాను మూల్గలేదని చెప్పలేదు. ప్రసవవేదన తన వేదనయే యని యొప్పుకొనినది. ఆమె భయము మరణమును గూర్చినది కాదు; ఒంటరితనమును గూర్చినది. సహచరులతో కలిసి పోవుటయే ఆమె హర్షము.

రంగము

కడపటి దినములందును బందీలకు హాస్యము కొఱవడలేదు. మంత్రబలముచే వీరు తప్పించుకొందురేమో యను వదంతి నమ్మి సేనాధికారి వారిని కఠినముగా చూడగా, పెర్పెతువా అతనిని నిలదీసెను. తాము సాక్షాత్తు చక్రవర్తి కుమారుని జన్మదినమున పోరాడవలసిన ఘనత వహించిన ఖైదీలము గదా, బలిసి కనబడినచో అతనికే కీర్తి గదా యని అడిగెను. అతడు సిగ్గుపడి వారి యెడల దయ చూపుమని యాజ్ఞాపించెను. కారాగారాధికారియగు పుదెన్సు క్రమముగా వారిని గౌరవించి, కడపట విశ్వాసియే యయ్యెను. క్రీడలకు ముందునాటి రాత్రి బందీలకు పెట్టు బహిరంగ భోజనమును వారు తమ ప్రేమవిందుగా మార్చుకొనిరి. చూడవచ్చిన జనముతో సాతురుసు, ఱేపు గుర్తుపట్టుటకు మా ముఖములను బాగుగ చూచుకొనుడని చెప్పెను.

మఱునాడు ద్వారమున పురుషులకు సాటర్ను దేవుని పూజారుల వేషమును, స్త్రీలకు సిరీసు దేవత పూజారిణుల వేషమును తొడుగ జూచిరి. ఇట్టిది చేయకుండుటకే గదా ప్రాణములిచ్చుచున్నామని పెర్పెతువా ప్రతిఘటింపగా అధికారి తగ్గెను. పెర్పెతువా కీర్తన పాడుచు రంగమున ప్రవేశించెను. స్త్రీలిద్దఱికిని పొగరుబోతు అడవియావును సిద్ధపఱచిరి. వలలతో వచ్చిన వారిని చూచి, ఒకతె సుకుమారి, ఇంకొకతె బాలింత, చన్నులనుండి పాలు కారుచున్నది, అని గ్రహించి జనసమూహమే జంకెను. అప్పుడు వారికి వస్త్రములు తొడిగించి తెచ్చిరి.

ఆవు పెర్పెతువాను ఎగురవైచెను. ఆమె లేచి కూర్చుండి, చినిగిన వస్త్రమును తొడపై కప్పుకొని, కొప్పుసూది నడిగి విడిన జుట్టును ముడివైచికొనెను. విరబోసిన జుట్టు శోకచిహ్నము. తన జయదినమున శోకించుచున్నట్లు కనబడుట ఆమెకిష్టము లేదు. జుట్టు విరియబోసికొనుట యనగానేమో మనకును తెలిసినదే గాన ఈ చేష్ట యర్థము తెలుగు పాఠకునకు విప్పిచెప్ప నక్కఱలేదు. పిమ్మట ఆమె ఫెలిసితా నేలబడియుండుట చూచి చేయందించి లేపెను. దొరసానియు దాసియు ప్రక్కప్రక్కన నిలిచిరి.

కడపట కత్తివేటు. తక్కినవారు కదలక మౌనముగా మరణించిరి. కత్తి యెముకకు తగులగా పెర్పెతువా అఱచెను. ఆ పిమ్మట అనుభవము చాలని ఆ ఖడ్గధారి వణకు చేతిని తానే తన కంఠమునకు చేర్చుకొనెను. సంపాదకుడు ఆ అఱపును దాచలేదు. హర్షముతో ఆ దినమును ప్రారంభించిన స్త్రీ నొప్పితో అఱచినది. రెండును సత్యములే.

తరువాతి కథకులు

కార్తేజు క్రైస్తవులు ఈ గ్రంథమును ఆరాధనలో చదివిరి. టెర్టులియను కొలది సంవత్సరములకే తన ఆత్మవిషయక గ్రంథమున పెర్పెతువాను పేర్కొనెను. 354వ సంవత్సరపు రోమక పంచాంగసంపుటమునందలి హతసాక్షుల పట్టికలో మార్చి 7వ తేదీ వీరిదిగా నున్నది. హతసాక్షి మరణదినమును జన్మదినమని వ్యవహరించుట సంఘసంప్రదాయము. ఆ క్రీడలు సెవెరసు కుమారుడగు గేటా జన్మదినమునకై జరిగినవి. 211లో గేటాను అన్న కారకల్లాయే చంపించి, సామ్రాజ్యమంతట శిలలపై నతని పేరు చెక్కివేయించెను. అతని జన్మదినమునకు బలియైనవారి గ్రంథమున ఆ పేరు నిలిచినది; గ్రంథకాలనిర్ణయమునకు ఆ పేరే యొక ఆధారము.

ఐతే కీర్తి పెరిగినకొలది కథ మాఱెను. హిప్పో నగరాధ్యక్షుడగు ఆగస్టీను వీరి ఉత్సవదినములందు చేసిన ప్రసంగములలో, పెర్పెతువా యనగా నిత్యము, ఫెలిసితా యనగా ఆనందము గాన, రెండు పేరులును కలిసి నిత్యానందమను ఫలమును తెలుపుచున్నవని చమత్కరించెను. చమత్కారము సొగసైనదే. కాని దానివలన ఆనందము చెఱసాల విడిచి మరణానంతర ఫలమైనది. అంతకంటె పెద్ద మార్పు, ఈ గ్రంథమును సంగ్రహించిన లాటిను 'వృత్తాంతములలో' జరిగినది. అవి ఘటనాకాలమునే అర్ధశతాబ్దము తరువాతి వలేరియను, గల్లియెనుసుల నాటిదిగా మార్చినవి. మూలమున కానరాని భర్తను ప్రవేశపెట్టినవి. తండ్రి మెడపై బిడ్డను పెట్టగా పెర్పెతువా ఆ బిడ్డను త్రోసివైచి, తలిదండ్రులను దుష్టులని తిరస్కరించినట్లు వ్రాసినవి.

ఎవరో భక్తుడు ఆమెను మఱింత దృఢురాలిగా చూపదలచెను. ఫలితమేమి? దుఃఖము తీసివేయబడినంతనే హర్షమును నమ్మదగనిదైనది. బిడ్డను త్రోసివైచిన స్త్రీ నవ్వినను అది మనకు గగుర్పాటు కలిగించును గాని గౌరవము కలిగింపదు. పాలిచ్చి, కృశించి, తండ్రికి తగిలిన దెబ్బకు తాను బాధపడిన స్త్రీ ఉల్లాసముతో చెఱకు దిగితిననినచో ఆ మాటను ఆలకింపవలసివచ్చును.

ముగింపు

ఈ లేఖనము నిజముగా పెర్పెతువాదేనా యను ప్రశ్న ప్రాచీనమైనది. ఆగస్టీనే ఒకచోట దినొక్రాతీసు దర్శనమును చర్చించుచు, ఆమెయో దానిని వ్రాసిన మఱెవరో యని జాగ్రత్తపడెను. ఆధునికులలోను సందేహించువారు కలరు. చతురుడైన కల్పనాకారుడు స్త్రీ కంఠమును అనుకరింపజాలడని ఎవరును శపథము చేయలేరు. కాని చీకటికి భయపడుట, లంచము, తండ్రి రాకుండుట వలన కలిగిన ఊరట, కత్తివేటున అఱపు, సాతురుసు దర్శనమున కనబడు సంఘపెద్దల కలహము, ఇవి భక్తికథకు అవసరమైనవి కావు. తరువాతి కథకులు తొలగించినవి ఇట్టివే. తొలగింపవలెనని వారికి తోచిన వాటిని మొదటివారు నిలిపియుంచిరనుటయే ఈ గ్రంథమునకు గల గొప్ప ప్రామాణ్యము.

ఇక మొదటి ప్రశ్న. ఈ హర్షము జడత్వము కాదు, వైరాగ్యమును కాదు. దానికి గుర్తింపదగిన కారణములున్నవి: బిడ్డ ఆకలి తీరుట, తోడివారి సాంగత్యము, తన పేరును తాను నిలుపుకొనుట, తన బాధయందు తాను ఒంటరి కాదను విశ్వాసము. అది దుఃఖమును కొట్టివేయలేదు. దుఃఖము ప్రక్కనే కూర్చున్నది. ఆమె సంతోషములో పాలు పంచుకొనని తండ్రిని ఆమెయే మనకు చూపినది. ఆ వృద్ధుని దుఃఖమును కథనుండి తొలగించు హక్కు ఏ భక్తునకును, ఏ చరిత్రకారునకును లేదు.

1907లో డెలాట్రె అను ఫ్రెంచి మతాచార్యుడు కార్తేజు శిథిలములందు ఒక ప్రాచీన దేవాలయప్రదేశమున ముక్కలైన శాసనఫలకమును సేకరించి అతికించెను. అందు సాతురుసు, సాతుర్నీనుసు, రెవొకాతుసు, సెకుందులుసు, ఫెలిసితా, పెర్పెతువాల పేరులున్నవి. ట్యూనిసు నగరసమీపమున ఆ క్రీడారంగపు శిథిలములును నిలిచియున్నవి. తండ్రి పేరు ఫలకమున లేదు, గ్రంథమునను లేదు. అతని నెరసిన తలయు, పెఱికికొన్న గడ్డమును మాత్రము కూతురి వ్రాతలో మిగిలినవి. అతని నంత ప్రేమతో జ్ఞాపకముంచుకొన్న చేయియే తన సంతోషమును గూర్చియు వ్రాసినది గాన, ఆ రెండవ మాటను కూడ మనము విశ్వసింపవచ్చును.